వీరప్పకు మారు ముద్ద

తిమ్మక్క మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. మంచివాళ్ళ గురించి రాయడానికి వేరేవాళ్ళున్నారు. తిమ్మక్క పగబట్టిన మనిషి. మూడేళ్ళ పాటు ఒకే ఒక్క మనిషి మీద కోపాన్ని చల్లారనివ్వకుండా కాపాడుకుంది. అదంత తేలికైన పని కాదు. నాకు కోపం వస్తే సాయంత్రానికల్లా నీరుగారిపోతుంది, మరుసటి రోజు వాళ్ళతోనే కూర్చుని టీ తాగుతాను. అందుకే నాకు తిమ్మక్క అంటే గౌరవం.

నా పేరు కృపాకుమారి. కదిరి ఊరి చివర ఆడపిల్లల హాస్టల్లో అటెండర్‌ని. గంట కొట్టడం, గేటు తాళాలు, ఆఫీసుకు వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు, అన్నీ నా పనులే. తిమ్మక్క, ఆమె మొగుడు యేసన్న మా పక్కింట్లో బాడుగకు ఉంటారు. యేసన్నది బేల్దారి పని, ఇళ్ళకు గోడలు కడతాడు. తిమ్మక్క ఆయన వెనకాలే ఇసుక మోసేది. మా వీధిలో అందరం ఒకే చర్చికి పోతాం. పాస్టరు గారు క్షమించమని చెప్పిన ఆదివారం మాత్రం తిమ్మక్క మధ్యలో లేచి బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చునేది. "ఆ ఒక్కటి నాతో కాదు పాపా, మిగిలినవన్నీ చేస్తా" అనేది.

వాళ్ళ సొంతూరు గుట్టకిందపల్లి. తనకల్లు దాటాక బస్సు దిగి గులకరాళ్ళ దారిలో నడిచి పోవాలి. చెనిక్కాయలు, అంటే వేరుశనగ, విత్తి మబ్బుల వైపు చూడటం తప్ప అక్కడ వేరే వ్యవసాయం లేదు. ఆ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండే పని తిమ్మక్కకు వచ్చింది. సంతోషంగా చేరింది. ఆమె వంట అంత బాగుంటుంది మరి. అయితే పైవీధి పిల్లలు మొదటి రోజు నుంచే ఇంటి దగ్గర నుంచి క్యారియర్లు తెచ్చుకున్నారు. ఎస్సీ కాలనీ మనిషి చేతి కూడు వాళ్ళ పిల్లలు తినకూడదట. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. క్యారియర్లు మాత్రం వరుసగా బడి గోడ వారన కూర్చునేవి.

పిల్లలకేం తెలుసు! ఉలవకట్టు చారు వాసనకు ఆగలేక ఒక్కొక్కరే తిమ్మక్క దగ్గరికి పళ్ళెం పట్టుకుని రావడం మొదలుపెట్టారు. అప్పుడు వచ్చాడు వీరప్ప.

వీరప్ప పెద్ద ఆస్తిపరుడేమీ కాదు. అందరిలాగే ఆయన బోరు కూడా ఎండిపోయింది, ఆయన చేను కూడా మాడిపోయింది. నోరు మాత్రం ఎండలేదు. ఊళ్ళో ఏ పంచాయితీ జరిగినా చివరి మాట ఆయనదే. ఆ రోజు నేరుగా వంటషెడ్డులోకి వచ్చి పప్పులో బల్లి పడిందన్నాడు. "యాడ పడింది, చూపియ్యన్నా" అంది తిమ్మక్క. బల్లీ లేదు, గిల్లీ లేదు. వీరప్ప దబరను కాలితో తన్నాడు. పప్పంతా మట్టిపాలైంది. పిల్లలందరూ వరుసలో కూర్చుని చూస్తున్నారు.

ఇంకా గరిటె ఆమె చేతిలోనే ఉంది. వీరప్ప భుజం మీది టవలు తీసి, కుడి చేతికి చుట్టుకుని, ఆ చుట్టిన చేత్తో ఆమె చేతిలోని గరిటె లాక్కున్నాడు. "పో తిమ్మీ. రేపటి నుంచి ఈ పక్క రాగాకు" అన్నాడు. గరిటెను, దానితో పాటు టవలును కూడా గోడ అవతలికి విసిరేశాడు.

తిమ్మక్క ఈ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పని పోయిన సంగతి తొందరగా చెప్పేసేది. దబర తన్నిన సంగతి కూడా. టవలు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. "సీమ టపాకాయ పట్టుకున్నట్ల పట్టుకున్యాడు పాపా నా గరిటెను. నేనేమన్నా కుష్టుదాన్నా?" అని చేతులు ముందుకు చాపి నాకు చూపించేది. ఎంత శుభ్రమైన చేతులో. గోళ్ళు ఎప్పుడూ కత్తిరించుకుని ఉంటాయి.

ఆ తర్వాత ఊళ్ళో ఉండలేక మొగుడూ పెళ్ళాలు కదిరికి వచ్చేశారు. ఇసుక మోసిన మూడేళ్ళలో ఆమె ఇంకెక్కడా వంటకు పోలేదు. ఇంట్లో మాత్రం రోజూ సంగటి చేసేది. సంగటి ఎవరైనా చేస్తారు, కెలకడంలోనే ఉంది కష్టమంతా. ఉడుకుతున్న బియ్యంలో రాగిపిండి పోసి, మగ్గాక, కుండను రెండు కాళ్ళ మధ్య అదిమిపెట్టి కట్టెతో ఉండ కట్టకుండా తిప్పాలి. భుజాలు పడిపోతాయి. నేనైతే మధ్యలోనే వదిలేస్తాను, మా ఇంట్లో సంగటి ఎప్పుడూ ఉండలుండలుగానే ఉంటుంది. తిమ్మక్క చేసిన ముద్ద వెన్నలా ఉండేది. రహస్యమేంటని అడిగితే చెప్పింది.

"వాని మొగం తలుచుకోని కెలుకుతా. అంతే."

మా హాస్టల్లో వంటమనిషి పోస్టు పడింది. పాత వంటామె బెంగుళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. నేను ఆ సాయంత్రమే తిమ్మక్కకు చెప్పాను. "నాకొద్దు పాపా. మళ్ళా యాడ కుండ తన్నుతారో" అని చేటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. నేను బతిమాలలేదు. ఎంపిక చేసేవాళ్ళెవరో మాత్రం చెప్పాను. జిల్లా ఆఫీసు నుంచి జ్యోతిలక్ష్మి మేడం వస్తారు. రిటైరైన హెడ్మాస్టరు నాగేశ్వర సారు ఉంటారు. తల్లిదండ్రుల తరఫున ఒకాయన ఉంటారు, మనవరాలు చందన మా దగ్గరే ఆరో తరగతి, గుట్టకిందపల్లి వీరప్ప అని.

చేట ఆగిపోయింది.

"ఏ వీరప్ప?"

"మీ వీరప్పే. కూతురూ అల్లుడూ బెంగుళూరులో పనికి పోయినారంట. పిల్లను ఈడ వదిలిపెట్టినారు."

"వంట చేసి చూపియ్యల్లనా? ఊరికే మాట్లాడి రావల్లనా?"

"మేడం కొత్త పద్ధతి పెట్టినారక్కా. సిఫార్సులు పనికిరావంట. వండేటోల్లు వెనక షెడ్డులో వండల్ల. సార్లు ముందర ఆఫీసులో కూర్చోని తినల్ల. ఎవురిది ఏ గిన్నో వాండ్లకు తెలీకూడదు. గిన్నెల మీద నంబర్లేసి నేను మోసకపోవల్ల."

తిమ్మక్క చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత నవ్వింది. మూడేళ్ళలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. నాకు భయమేసింది, సంతోషంగానూ ఉంది.

"తినల్లన్న మాట. వాడు తినే తీరల్లన్న మాట. నా పేరు రాయించు పాపా."

మా వీధి మొదట్లో జిరాక్స్ షాపు శశికుమార్ ఇంటర్వ్యూ అనే మాట వినిపిస్తే చాలు, సలహాలు మొదలుపెడతాడు. తిమ్మక్కను కూడా వదల్లేదు. ఎలా నడిచి రావాలో, నమస్కారం ఎక్కడ పెట్టాలో, కుర్చీలో ఎంత మేర కూర్చోవాలో నేర్పించాడు. చివర్లో "అన్నిటికంటే ముఖ్యమైంది అక్కా, నిన్ను వాళ్ళు మర్చిపోకూడదు. గుర్తుండేలా ఏదో ఒకటి చెయ్యాలి" అన్నాడు.

"చేస్తా నాయనా. సచ్చేదాకా గుర్తుండేట్ల చేస్తా" అంది తిమ్మక్క. శశికుమార్ తన క్లాసు బాగా ఎక్కిందనుకున్నాడు పాపం.

ఇంటర్వ్యూ రోజు మిగిలిన ఇద్దరూ పట్టుచీరల్లాంటివి కట్టుకుని వచ్చారు. రామలక్ష్మమ్మ బెంగుళూరు క్యాంటీన్లో చేసినావిడ, చేతికి వాచీ కూడా పెట్టుకుంది. మారెక్క పెళ్ళిళ్ళ వంటలకు పోయే మనిషి. తిమ్మక్క వెలిసిపోయిన ఆకుపచ్చ చీరలో వచ్చింది. కుచ్చిళ్ళ దగ్గర పసుప్పచ్చ మరకలు. నేను దగ్గరికి పోయి "ఇదేం చీరక్కా, ఇంకొకటి లేదా?" అన్నాను.

"ఆపొద్దు కట్టుకున్న చీర. పప్పు పడిన మరక ఇది. ఉతికినా పోలే, పోగొట్టాలని నేనూ ఉతకలే" అంది.

హాస్టల్ స్టోరులో ఉన్న సరుకులతోనే వండాలి, ఎవరికి బాగా వచ్చింది వాళ్ళు వండుకోవచ్చు. రామలక్ష్మమ్మ వెజిటబుల్ బిర్యానీ మొదలుపెట్టింది. మారెక్క చిత్రాన్నం, వడలు. తిమ్మక్క అందరికంటే ముందొచ్చి కుక్కర్లో ఉలవలు పెట్టేసింది. సంగటి, ఉలవకట్టు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి.

మిగిలిన ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. మేడమ్‌కి సంగటి పెడతారా ఎవరైనా? నేను నవ్వలేదు. అది మేడం కోసం చేస్తున్నది కాదని నాకు తెలుసు. గుట్టకిందపల్లిలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. వీరప్ప ముందు ఉడుకు సంగటి, ఉలవకట్టు పెడితే ఆస్తి రాయమన్నా రాస్తాడు. పెళ్ళాం పోయాక ఆయనకు అది చేసిపెట్టే దిక్కులేదు. కోడలు షుగర్ అని చెప్పి రెండు పూటలా చపాతీలు పెడుతోంది. ఇదంతా చందన నాకు చెబితే, నేను తిమ్మక్కకు చెప్పాను. ఆమె గాలం వేస్తోంది. ఎరను నేనే చేతికిచ్చాను.

కెలికేటప్పుడు ఆమె మొహం చూడాల్సింది. పళ్ళు బిగించి, కళ్ళు కుండ అడుగుకు గుచ్చి కట్టె తిప్పుతోంది. మారెక్క భయపడి పొయ్యి అవతలికి జరిగింది.

మూడు గిన్నెలు తయారయ్యాయి. నంబర్లు నేనే అంటించాను. బిర్యానీ ఒకటి, చిత్రాన్నం రెండు, సంగటి మూడు. ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది కానీ ఎండాకాలం గాలి కదా, వేడిని అటు నుంచి ఇటు తోస్తోంది. మేడం నడుమ, నాగేశ్వర సారు ఎడమ పక్క, వీరప్ప కుడి పక్క. భుజం మీద టవలు ఉంది. కొత్తది, జరీ అంచు.

బిర్యానీ రెండు మెతుకులు నోట్లో వేసుకుని వీరప్ప పక్కకు నెట్టాడు. "బెంగుళూరు కూడు" అన్నాడు. చిత్రాన్నం పర్వాలేదన్నాడు. నాగేశ్వర సారు వడలు మెచ్చుకున్నారు. నేను మూడో గిన్నె మూత తీశాను.

వీరప్ప ముక్కు ముందు పసిగట్టింది. మనిషి కుర్చీలో ముందుకు జరిగాడు. నేను ముద్ద పళ్ళెంలో పెట్టి, నడుమ గుంత చేసి, ఉలవకట్టు పోశాను. ఆయన వేళ్ళతో చిన్న ముక్క తుంచి, కట్టులో ముంచి, గుటుక్కున మింగాడు. సంగటి నమలకూడదు, మింగాలి. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. రెండోది మింగాడు. మూడోది. తల ఎత్తలేదు. మీసాలకు కట్టు అంటుకుంది. పళ్ళెం ఖాళీ అయ్యాక వేళ్ళు నాకి కళ్ళు మూసుకున్నాడు.

"ఇదీ కూడంటే మేడం! ఈయమ్మ ఎవురో గానీ బంగారు చేతులు. ఇంక అడిగేదేమీ లేదు, ఈయమ్మకే ఇచ్చేయండి పని. మా చందన అదృష్టం" అని నా వైపు తిరిగాడు. "పాపా, ఇంగొక ముద్ద ఉంటే తీసకరా."

మేడం నవ్వారు. "అయితే వండినావిడనే పిలువమ్మా. వీరప్ప గారికి ఆమే వడ్డిస్తుంది. మేమూ చూసినట్టుంటుంది."

నేను షెడ్డు వైపు పరుగెత్తాను. పరుగెత్తుతుంటే నాకు బుద్ధి వచ్చింది. ఉద్యోగం వచ్చేసినట్టే. ఇప్పుడు తిమ్మక్క ఆ గదిలోకి పోతే అంతా పాడైపోతుంది. ఆమె భుజాలు ఇసుక మోసి మోసి ఎలా పుండ్లు పడ్డాయో నాకు తెలుసు, ఆయింట్‌మెంట్ రాసేది నేనే. ఇటుకలు పడి యేసన్న పాదం వాచిపోయి రెండు నెలలుగా పనిలేక ఇంట్లో ఉన్నాడు. ఈ జీతం రాకపోతే బాడుగ ఇల్లు ఖాళీ చేయాల్సిందే.

"అక్కా, వాడు తిన్యాడు. వేళ్ళు నాకినాడు. నీకే ఇయ్యమన్యాడు. నీ పగ తీరిపాయె. నువ్వు రావద్దు. కడుపునొప్పి వచ్చి పండుకుందని చెప్తా. ఆర్డరు చేతికి వచ్చినాక యాడన్నా కనపడు వానికి" అని చేతులు పట్టుకున్నాను.

తిమ్మక్క చేతులు విడిపించుకుని, తడి చేత్తో ముద్ద గుండ్రంగా చేసింది. "తెలీకుండ తింటే తిన్నట్లా పాపా? కుక్క కూడా తింటాది తెలీకుండ."

"పని పోతాదక్కా."

"పోనీ. పప్పు నేలపాలైనపుడు గూడా పోయింది పని. అప్పుడు నేను నోరు మూసుకున్యా. ఆ నోరు మూసుకున్న దానికే నాకు నా మింద కోపం."

ముద్ద ఒక చేత్తో, ఉలవకట్టు గరిటె ఇంకో చేత్తో పట్టుకుని ముందు నడిచింది. నేను వెనకాల.

వీరప్ప పళ్ళెం ముందుకు చాపి ఉన్నాడు. తల ఎత్తి చూశాడు. చాపిన చేయి చాపినట్టే ఉండిపోయింది.

శశికుమార్ నేర్పిన నమస్కారం తిమ్మక్క మర్చిపోలేదు. మేడమ్‌కి, సారుకి తల వంచింది. ఆ తర్వాత వీరప్ప ఎదురుగా నిలబడింది.

"మారు అడిగినావంట కదన్నా. తెచ్చినా. టవలు చుట్టుకుంటావా, ఒట్టి చేత్తోనే తీసుకుంటావా?"

వీరప్ప చేయి తెలియకుండానే భుజం మీది టవలు దగ్గరికి పోయి, నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. మేడం అది చూశారు.

"టవలేంటి?" అన్నారు.

"ఆయప్పనే అడగండి మేడం. నాకంటే బాగా తెలుసు" అంది తిమ్మక్క.

"ఏమీ లేదు మేడం. మా ఊరి ఆడమనిషే. ఏందో పాత మాట" అన్నాడు వీరప్ప. ఆయన గొంతు అంత చిన్నగా రావడం గుట్టకిందపల్లిలో ఎవరూ విని ఉండరు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

నాగేశ్వర సారుకు కోపం వచ్చింది. "ఇంటర్వ్యూకి వచ్చి కమిటీ మెంబర్‌తో ఇలాగేనా మాట్లాడేది? పని ఇవ్వకముందే ఈ నోరుంటే ఇచ్చాక ఎట్లా?" అన్నారు.

మేడం ఆయన మాట వినిపించుకోలేదు. తిమ్మక్క చీర మీది మరకనూ, వీరప్ప మీసాలనూ మార్చి మార్చి చూస్తున్నారు. ఆమె ఎక్కడ పుట్టారో నాకు తెలియదు గానీ, ఆ టవలు కథ ఎవరూ చెప్పకుండానే అర్థమైనట్టుంది. "వీరప్ప గారూ, బంగారు చేతులన్నారు ఇందాక. ఇప్పుడు మాట మార్చుకుంటారా?" అని అడిగారు.

మార్చుకుంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ఉన్నచోటే పోలీసు కేసు. "లేదు మేడం. బాగనే ఉండాది" అన్నాడు.

"అయితే వడ్డించమ్మా."

తిమ్మక్క ముద్దను చేత్తోనే ఆయన పళ్ళెంలో పెట్టింది. గుంత కూడా తన బొటనవేలితోనే నొక్కింది, తొందరేమీ లేకుండా. కట్టు పోసింది. "తిను తిమ్మీ చేతి ముద్ద" అంది.

అందరి ముందు, మేడం చూస్తుండగా, వీరప్ప తిన్నాడు. మొదటి ముద్దను ఎంత గబగబా మింగాడో, దీన్ని అంత సేపు నమిలాడు. మింగుడు పడటం లేదు. మా ప్రాంతంలో పుట్టి సంగటిని నమిలి తిన్న మనిషిని అదే మొదటిసారి చూశాను. నోట్లో ముక్క అటూ ఇటూ తిరుగుతోంది, గొంతు దిగటం లేదు, ఉమ్మే దారి లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జాలిపడ్డానా? లేదు. ఇంకా నమలాలని కోరుకున్నాను.

అప్పుడు మేడం అసలు ప్రశ్న అడిగారు. నాగేశ్వర సారు రాసి తెచ్చుకున్న ప్రశ్నలేవీ కాదు. "ఈయన మనవరాలు ఇక్కడే చదువుతోంది తిమ్మక్కా. నీ కోపం నాకు కనిపిస్తోంది. ఉద్యోగమిస్తే ఆ పిల్లకు ఎలా పెడతావు?"

ఒక్క మాట తేడా వస్తే అంతా అయిపోతుంది. నేను గోడకు ఆనుకుని ప్రార్థన మొదలుపెట్టాను. పిల్లలందరూ నాకు సమానమే అని చెప్పు తల్లీ, శశికుమార్ కూడా అదే చెప్పమన్నాడు కదా, అని లోలోపల మొత్తుకుంటున్నాను.

"ఆ పాపకు అందరికంటే బాగా పెడతా మేడం" అంది తిమ్మక్క. "వేడివేడిగా పెడతా. అడగకముందే మారు వేస్తా. సెలవులకు ఇంటికి పోయినపుడు ఆ ఇంట్లో కూడు ఆ పాపకు సయించకూడదు. తిమ్మక్క చేతి ముద్ద కావల్లని ఆ ఇంట్లో కూర్చోని ఏడవల్ల. ఈయప్ప వినల్ల. అదీ నా పగ."

మేడం పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "బయట కూర్చో" అన్నారు.

సాయంత్రానికి తిమ్మక్క మా హాస్టల్ వంటమనిషి. నాగేశ్వర సారు చివరిదాకా నోరెక్కువ అని గొణుగుతూనే ఉన్నారు. రామలక్ష్మమ్మ పోతూ పోతూ, సంగటికి ఉద్యోగమేంటని నా మీద అరిచింది. వీరప్ప టీ కూడా తాగకుండా బస్సుకు పోయాడు. టవలు కుర్చీ వీపు మీద మర్చిపోయాడు. తిమ్మక్క దాన్ని ఉతికి, వేడి దబరలు దించడానికి వంటగదిలో పెట్టుకుంది. జరీ అంచు రెండు వారాల్లో మసిబారింది.

అన్నమాట నిలబెట్టుకుంది. చందన సన్నగా, పీలగా ఉండే పిల్ల. ఆ పిల్ల పళ్ళెం ఖాళీ కావడం ఆలస్యం, తిమ్మక్క గరిటె అక్కడుండేది. జ్వరమొస్తే మిరియాల చారు, పరీక్షలంటే బెల్లం వేసిన సద్దపిండి ముద్దలు. మిగతా పిల్లలు "అవ్వకు చందనంటేనే ఇష్టం" అని అలిగేవాళ్ళు. ఇష్టమా అది? నేను దగ్గరుండి చూశాను, ఇష్టం కూడా ఉంది, కాదనను. కానీ పిల్ల మారు అడిగి తింటున్నప్పుడు తిమ్మక్క కళ్ళు పిల్ల మీద ఉండేవి కావు, తనకల్లు రోడ్డు వైపుండేవి.

దసరా సెలవులకు పిల్లలందరూ ఇళ్ళకు పోయారు. వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం మా వీధిలో వీరప్ప కనిపించాడు. చేతిలో స్టీలు క్యారియర్. ఎండకు మొహం నల్లబడింది. శశికుమార్ షాపులో దారి అడిగి తిమ్మక్క ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను మా గడపలోంచి కదలకుండా చూస్తున్నాను. ఇలాంటిది వదులుకుంటానా?

యేసన్న మంచం మీంచి లేచాడు. పాత అలవాటు, ఆయన తప్పు కాదు. "రా అన్నా, కూర్చో" అని కుర్చీ జరిపాడు.

"నిలబడనీ" అంది తిమ్మక్క లోపల నుంచి. "మనం వాండ్ల వాకిట్లో ఎంతసేపు నిలబడినామో ఆయప్పకూ తెలియల్ల."

వీరప్ప నిలబడ్డాడు. "చందనకు జరం. మూడు దినాలైంది. ఏం పెట్టినా కక్కుతాంది. నీ సంగటే కావల్లని ఒకటే ఏడుపు" అన్నాడు.

తిమ్మక్క గడపలోకి వచ్చింది. పిల్లకు జ్వరమనగానే ఆమె మొహంలో గాబరా కనిపించింది, దాన్ని ఆమె తొందరగా దాచేసింది. లోపలికి పోయి పొయ్యి వెలిగించింది. పిండి మగ్గేసరికి చాలాసేపు పట్టింది. వీరప్ప ఎండలోనే ఉన్నాడు. పెదాలు తడుపుకుంటున్నాడు. చివరికి అడిగాడు, "రవ్వన్ని నీళ్ళియ్యి" అని.

"కడవ ఆడ ఉండాది. చెంబుండాది. ముంచుకో" అంది తిమ్మక్క, కట్టె తిప్పుతూనే.

వీరప్ప కడవ వైపు చూశాడు. వీధి వైపు చూశాడు. నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. ఆయన వంగి, మూత తీసి, చెంబు ముంచుకుని తాగాడు. రెండోసారి కూడా ముంచుకున్నాడు.

క్యారియర్ నింపి బయటికి తెచ్చింది. ఆయన ఒట్టి చేతులు చాచి అందుకున్నాడు. అడుగు కాలుతున్నా పట్టుకునే ఉన్నాడు. "అప్పుడేందో, తెలీక..." అని మొదలుపెట్టాడు.

"ఆ మాట ఈడ కాదు. ఊర్లో తన్నినావు కుండ. ఆడికే వస్తా. బడి ముందర, పిల్లోల్లు చూస్తాండగా చెప్పు. పో, పాప ఆకలితో ఉంటాది. వేడి మింద తినిపీ."

వీరప్ప తల వంచుకుని బస్సుస్టాండు వైపు పోయాడు. ఆ మాట మాత్రం ఇప్పటికీ బడి ముందర చెప్పలేదు. చెబుతాడని నాకు నమ్మకం లేదు. తిమ్మక్కకు కూడా లేదు.

ఆయన మలుపు తిరిగేదాకా చూసి, నేను ఆమె పక్కన గడప మీద కూర్చున్నాను. "నీ కూడు తిన్యాడు, నీ నీళ్ళు తాగినాడు, నీ వాకిట్లో నిలబడినాడు. ఇంగనన్నా పోయిందా అక్కా కోపం?" అని అడిగాను.

తిమ్మక్క నావైపు వింతగా చూసింది. సంగటి కట్టెకు అంటుకున్న పిండిని గోరుతో గీకుతోంది.

"పోతే ఎట్లా పాపా? సోమవారం బడి తెరుస్తారు. అంతమంది పిల్లోల్లకు సంగటి ఎవురు కెలకల్ల?"